నాలుగో మడి

ఇబ్రీ ఊరి బయట, ఖర్జూరం తోటలు అయిపోయినాక
ఇసుక మొదలయ్యే చోట
నాలుగు మడుల్లో నువ్వులు వేసినాం.
ఇక్కడ సింసిం అంటారు.
పేరు మారినా గింజ మారలేదు,
పంటి కింద ముందు అదే చిరుచేదు,
వెనకనే అదే కమ్మదనం.

మడికో రేకు పలక.
ఒకటో మడికి ఏమీ లేదు.
రెండో దానికి ఒంటె పెంట.
మూడో దానికి సంచి ఎరువు, నిండు మోతాదు.
నాలుగో దానికి అది సగం, ఇది సగం.
ఇంజనీరు అరబ్బీలో రాసుకున్నాడు.
నేను గట్ల మీద గులకరాళ్ళు పెట్టుకున్నా.

మొదటి రోజే పచ్చి పెంట గంపకెత్తితే
బషారీ నా మణికట్టు పట్టుకున్నాడు.
సూడాన్ మనిషి, నువ్వుల చేలల్లో పుట్టి పెరిగినోడు.
నా చెయ్యి తీసి కుప్పలోకి దూర్చినాడు.
లోపల జ్వరం వచ్చిన పిల్లోని నొసలు.
"ఇది చల్లబడనీ, ఓబులేసూ,
ఇప్పుడే వేస్తే మొలక మాడిపోద్ది."
నీళ్ళు చల్లి, పట్టా కప్పి, వారం వారం తిరగేసి
నలభై రోజులు కాపలా కాసినాం.
ఒక పొద్దున పట్టా ఎత్తితే
తొలకరి వాసన.
వాన ఎరగని చోట.

మూడో మడి ముందుగా లేచింది.
కళ్ళు చెదిరే పచ్చదనం,
మా చెనిక్కాయ చేను మాదిరే నమ్మించింది.
తర్వాత ఆకు అంచులు ఉప్పుకి కాలినాయి.
ఇసుకలో యూరియా నిలవదు.
ఐదో తేదీ జీతం అది,
తడి తగిలీ తగలకనే అడుక్కి దిగిపోతుంది.
పట్టుకోడానికి కింద ఏదో ఒకటి ఉండాల.

తనకల్లు పక్క నా రెండెకరాలు యాదికొచ్చినాయి.
దిగుబడి తగ్గిన ప్రతి ఏడూ ఇంకో బస్తా,
బస్తాకో గీత అంగడి చిట్టాలో.
నేల కాలిన పెంకయితే
ఆకాశాన్ని తిట్టినా.
కొంత తప్పు ఆకాశానిదే.
అంతా కాదు.

రెండో మడి నిదానంగా, ఎవరికీ బాకీ లేనట్టు పెరిగింది.
నాలుగోది మాత్రం
మొదలు నుంచి కొస దాకా కాయ పట్టింది.
సంచి ఎరువులో సగం విత్తేటప్పుడు పావు,
మొగ్గ తొడిగేటప్పుడు పావు.
పెంట పట్టుకుంది, యూరియా పెట్టింది.

ఖర్జూరాలు తూచే కాటా మీద
నాలుగో మడి మూట పెడితే
ముల్లు మూడోదాన్ని దాటి పోయింది.
కాటా తప్పేమోనని బషారీ మూటని దించి మళ్ళీ పెట్టినాడు.
అర్బాబు నాలుగు గింజలు నోట్లో వేసుకుని
ఏమీ అనకుండా ఇంకో నాలుగు తీసుకున్నాడు.

ఆ రాత్రి సుంకమ్మకి వాయిస్ పంపినా.
నాలుగు నిమిషాలు.
సగం బస్తా చాలు, మేకల ఎరువు బాగా మాగనియ్యి,
రెండు బండ్లు తోలించు, పూతకి ముందర మిగతాది.
ఇంజనీరు కన్నా బాగానే చెప్పినా అనుకుంటా.
టిక్కులు నీలం అయినాయి.
చానాసేపటికి ఆమె జవాబు, ఏడు సెకన్లు:

"మేకలు యాడుండాయి?
నీ వీసాకి అమ్మింది అవే గదా."

ఎనకాల మోటారు చప్పుడు.
తర్వాత అదీ లేదు.

పట్టా కప్పిన కొత్త కుప్ప పక్కన కూర్చున్నా.
ఆరు మేకలు, ఒక పోతు.
పేర్లు కూడా ఉండేవి వాటికి.
చెయ్యి లోపలికి పెట్టి చూసినా.
ఇంకా మండుతా ఉంది.

తెల్లారి, నేను డ్రిప్పు పైపులు సర్దతా ఉంటే
ఇంకో వాయిస్ వచ్చింది:
"గొర్లోళ్ళు దిగినారు మనూరి బీట్లో.
చేలో మంద తోలేదానికి రాత్రికింత అని అడగతాండారు.
మూడు రాత్రులకి పంపు.
చేనంతా వద్దు, ఒక మూల చాలు ఈ ఏటికి.
రేకు పలక నేనే కొట్టుకుంటాలే."